నీలి పెట్టిన ధోతి

కొత్తవాడలో ఆమెను కళావతి అని పిలిచేవాళ్లు తక్కువ. ఫోటో కళక్క అంటేనే తెలుస్తుంది. భుజాన నల్ల సంచి, చంకలో మూడు కాళ్ల స్టాండు పెట్టుకుని నేల మీద పరిచే దర్రీలు నేసే మగ్గాల చప్పుళ్ల నడుమ ఆమె గల్లీలో నడిచి వస్తుంటే, అరుగుల మీద కండెలు చుట్టే ఆడవాళ్లు చెయ్యి ఆపి కొంగు సర్దుకుంటారు.

"ఇగో, నన్ను తియ్యకు కళక్కా. తలన్న దువ్వుకోలే."

"నిన్నెవలు తీస్తాన్రే? నేను దర్రీని తియ్య పోతాన. దానికి నీ అంత సోకు లేదు."

నవ్వుతూ అలా అని ముందుకు పోతుంది గానీ, నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి ఒక ఫోటో తీస్తుంది. పది రోజులకు ఆ ఫోటో ప్రింటు ఆ ఇంటికి చేరుతుంది. అడిగినవాళ్లకూ చేరుతుంది, అడగనివాళ్లకూ చేరుతుంది. వాడలో చాలా ఇళ్లలో దేవుడి పటాల పక్కన ఉన్న ఫోటోలు ఆమె తీసినవే.

ధర్మసాగర్ దగ్గరి ఊళ్లో, సర్కారు బడిలో పదో తరగతి దాకా చదువుకున్న పిల్ల ఆమె. రాంప్రసాద్‌ను చేసుకుని కొత్తవాడకు వచ్చింది. ఇంటింటా మగ్గం ఉన్న ఆ వాడలో రాంప్రసాద్ ఒక్కడు మగ్గం వదిలి ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. రీళ్లు పోయి డిజిటల్ కెమెరా వచ్చిన ఏడు, ఆ కొత్త డబ్బాను ముందు పెట్టుకుని అతను మూడు రోజులు దిగాలుగా కూర్చున్నాడు. దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని కళావతి తెరిచింది. పక్కన డిక్షనరీ పెట్టుకుని, పొయ్యి మీద పప్పు ఉడికేంతలో ఒక పేజీ చొప్పున చదివింది. నెల తిరిగేసరికి ఇంట్లో ఆ కెమెరా మాట వినేది ఆమె ఒక్కదానిదే. "నీకు ఎరికైంది నాకు జెప్పు, నాకు ఎరికైంది నీకు జెప్త" అన్నాడు రాంప్రసాద్. ఆ మాట అనగలిగిన మనిషిని ఇచ్చినందుకు ఆమె ఇప్పటికీ ప్రతి శుక్రవారం భద్రకాళి అమ్మవారికి దండం పెట్టుకుని వస్తుంది.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. స్టూడియో జిరాక్సు దుకాణమైంది. రాంప్రసాద్ జిరాక్సు మిషన్ ముందు కూర్చున్నాడు, కెమెరా కళావతి భుజానికెక్కింది. పెళ్లిళ్లలో "ఆడామె తీస్తదా?" అన్నారు. తీసింది. "గీ పాత డబ్బతోనా?" అన్నారు. దానితోనే తీసింది.

డబ్బా పాతదే. పన్నెండేళ్లది. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే రాంప్రసాద్ సైకిల్ ట్యూబు ముక్క కోసి అతికించాడు. దసరాకు ఆయుధపూజలో దానికి బొట్టు పెడతారు, అద్దానికి కుంకుమ అంటకుండా మూత మీద పెడతారు. లెన్సులు రెండే. ఇన్నేళ్లలో ఆమెకు ఈ సామాన్ల మీద గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. అడిగితే చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది.

ముందు స్టాండు కొనుక్కోండి, రెండో లెన్సు సంగతి తర్వాత, అంటుంది. చెయ్యి ఎంత గట్టిదైనా మనిషి ఊపిరి తీస్తాడు కదా, ఆ ఊపిరికి ఫోటో కదులుతుంది. దర్రీని వెడల్పు లెన్సుతో దగ్గరికి పోయి తీయొద్దు, అంచు విల్లులా వంగుతుంది. వెనక్కి జరిగి తీయాలి. గోడ అడ్డమొస్తే దర్రీనే బయటికి తేవాలి. "వారం దినాలు కూసోని ఆయన అంచు సాఫుగ నేసిండు. నువ్వొచ్చి ఒక్క సెకన్ల వంకర జేస్తే ఆయనకెట్లుంటది?" అని అడుగుతుంది. ఎదురుగా ఫ్లాష్ కొట్టొద్దు. వెలుగు పక్క నుంచి రావాలి, అప్పుడే నేత గీతలు లేచి కనిపిస్తాయి. ట్యూబులైటునూ పగటి వెలుగునూ కలపొద్దు. "పొద్దును ఆర్పలేవు గద, ట్యూబులైటు ఆర్పు." వానాకాలం లెన్సుకు బూజు పడుతుందని డబ్బాలో బియ్యం పోసి పెట్టమంటారు కొందరు. అది వినొద్దు, బియ్యప్పిండి లోపలికి పోతుంది. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే, తేమ పీల్చే పొట్లాలు చాలు. వాడలో ఎవరు చెప్పులు కొన్నా ఆ పొట్లాలను పారెయ్యకుండా ఆమె కోసం కిటికీలో పెట్టి ఉంచుతారు.

ఇన్ని తెలిసిన మనిషి ఒక్క చోట తప్పు చేసింది.

హైదరాబాద్‌లో ఇంటి సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక కంపెనీ, వాడలోని చిన్న చేనేత సంఘాన్ని ఆరు రకాల దర్రీల ఫోటోలు అడిగింది. సంఘం అధ్యక్షుడు కృష్ణమోహన్ ఆ పని కళావతికి అప్పగించాడు. ఆరింటిలో చూడముచ్చటైనది సారయ్య నేసింది. అల్లనేరేడు పండు రంగు మీద సన్నటి తెల్ల చారలు. ఆ రంగు సారయ్య భార్య భాగ్యమ్మది. ముప్పై ఏళ్లుగా సంఘానికి నూలంతా ఆమే అద్దుతుంది. ఏ రంగుకు ఎంత మందు, ఎంత ఉప్పు, ఎంత కాగాలి అన్నది ఏ కాగితం మీదా లేదు. కాగులోంచి ఒక చుక్క తీసి గోటి మీద వేసుకుని చూస్తుంది, అంతే.

కెమెరా దగ్గర ఒక సంగతి ఉంది. మన కన్ను ట్యూబులైటు కింద చూసినా, నీడలో చూసినా అన్నాన్ని తెల్లగానే చూస్తుంది. కెమెరాకు ఆ తెలివి లేదు. ఈ వెలుగులో తెలుపంటే ఇదీ అని ముందు ఒకటి చూపించాలి. అది దాన్ని నమ్మి మిగిలిన రంగులన్నీ దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. అందుకోసం ఫోటోలు తీసేవాళ్లు ఏ రంగు వైపూ మొగ్గని బూడిద రంగు అట్ట ఒకటి సంచిలో ఉంచుకుంటారు. అప్పటికి వారం ముందే ఒక పెళ్లిలో కళావతి అట్ట మీద పసుపు నీళ్లు పడ్డాయి. కొత్తది ఇంకా రాలేదు.

"మామా, తెల్ల కాగితమన్న ఉన్నదా ఇంట్ల?" అని అడిగింది సారయ్యను.

"కాగితమెందుకు బిడ్డా?"

"కెమెరాకు తెలుపు జూపియ్యాలె."

సారయ్య దండెం దగ్గరికి పోయాడు. ఫోటోలు తీసే రోజున కట్టుకోవాలని ముందురోజే భాగ్యమ్మతో ఉతికించుకున్న ధోతి అక్కడ ఆరుతోంది. దాన్ని తెచ్చి, మడత విప్పి, రెండు చేతుల మీదా పరిచి పట్టుకున్నాడు, దేవుడికి వస్త్రం సమర్పించేవాడిలాగా.

"వాడంతా తిరిగినా ఇంత తెలుపు దొరకది. మీ అత్త ఉతుకుడు."

నిజంగానే మెరుస్తోంది. పెద్దాయన అలా చేతులు చాచి నిలబడితే కాదనడానికి కళావతికి నోరు రాలేదు. ధోతికి గురిపెట్టి బటన్ నొక్కింది. ఇదే తెలుపు అని కెమెరాకు చెప్పింది.

దర్రీల ఫోటోలన్నీ తీయడం అయ్యాక భాగ్యమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కెమెరా వెనకాల తెరలోకి చూసింది.

"గిదేందే కోడలా, నా అల్లనేరేడు గిట్ల ఎర్రగయింది?"

"చిన్న తెరల గట్లనే కనవడతది అత్తా. కంప్యూటర్ల ఏస్తే సక్కగైతది."

"ఏమో బిడ్డా. నీకెరికే" అని ఆమె కాగు దగ్గరికి పోయింది.

కంప్యూటర్లో వేశాక కూడా ఎర్రగానే ఉంది. ఈ ఊదా రంగులు కెమెరాలను సతాయిస్తాయని కళావతి ఎప్పుడో చదివింది, అదే అయి ఉంటుందనుకుంది. కృష్ణమోహన్ ఫోన్‌లో చూసి, "మస్తున్నయి చెల్లె. ఎర్రగ నిగనిగ మెరుస్తాంది. గిట్లనే పంపు" అన్నాడు. పంపింది.

రెండు నెలలకు మూటలు తిరిగొచ్చాయి. ఫోటోలో కుంకుమ రంగు చూసి కొన్నవాళ్ల ఇళ్లకు అల్లనేరేడు రంగు దర్రీలు పోయాయి. వాళ్లు వెనక్కి పంపేశారు. కంపెనీలో సరుకు వ్యవహారం చూసే దీప్తి మేడమ్ కృష్ణమోహన్‌కు ఫోన్ చేసి, ఫోటో తీసిన దర్రీ ఒక రంగు, పంపిన దర్రీలు ఒక రంగు, మీ దగ్గర అద్దకానికి నిలకడ లేదు, అన్నది. ఆయన ఆ మాటను సంఘం గదిలో, మార్కండేయ స్వామి పటం కింద, పదిమంది నేతగాళ్ల ముందు భాగ్యమ్మకు అప్పగించాడు.

కళావతి గడపలో అడుగు పెట్టేసరికి ఆయన మాట్లాడుతూ ఉన్నాడు.

"వదినె, నీకు కండ్లు మందగించినట్టున్నయి. ఎవలకైన గంతే, వయసు. ఇగ నుంచి నూలు పరకాల కాడ అద్దిపిచ్చి తెప్పిస్త. నువ్వు జర ఆరాం తీస్కో."

భాగ్యమ్మ కూర్చోలేదు. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండే చేతులు ఆమెవి. ఆ పూట ఆకుపచ్చ. "నా కండ్లకేం గాలే" అన్నది. "మొదలు అద్దిన నూలు లడి, ఆఖరుకు అద్దిన లడి రెండు పక్కపక్కన పెట్టి జూడు. ఎంట్రుకంత తేడా ఉంటే అడుగు."

"మరి ఫోటో అబద్ధం జెప్తదా వదినె?"

భాగ్యమ్మ కళావతి వైపు ఒక్కసారి చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే కళావతికి కొంత నయంగా ఉండేది.

ఆ మధ్యాహ్నం ఆమె సారయ్య ఇంటికి పోయింది. సంచిలో కెమెరా ఉంది, ఈమధ్యే వచ్చిన కొత్త బూడిద అట్ట ఉంది. ఏం చూడాలో తెలియకుండానే పోయింది. సారయ్య మగ్గం గుంటలో కూర్చున్నాడు గానీ మగ్గం ఆడటం లేదు. పెరట్లో రంగు కాగు బోర్లించి ఉంది. కళావతి ఆ ఇంటికి వస్తున్న ఇరవై ఏళ్లలో ఆ కాగు అడుగు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. మసితో నల్లగా ఉంది.

భాగ్యమ్మ బట్టలు ఉతుకుతోంది. సారయ్య ధోతిని పిండి, పక్కనున్న బకెట్ నీళ్లలో నీలి వేయసాగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు. ఇంకా వేస్తూనే ఉంది.

"అత్తా, ధోతికి ఎంత నీలి ఏస్తవ్?"

"అందరు రెండు చుక్కలేస్తరు. నేను రంగుల మనిషినాయె. ఏడెనిమిది ఏస్తగాని గా మెరుపు రాదు." తలెత్తకుండానే అన్నది. "అది గూడ కండ్లు కనవడకనే ఏస్తాననుకో."

కళావతి చటుక్కున దండెం వైపు తిరిగింది. ఆరిన ధోతి ఒకటి దండెం మీదే ఉంది. దాని పక్కన బూడిద అట్ట పెట్టి చూసింది. నీడలో ధోతి అంచులు లేత నీలంగా ఉన్నాయి. ఒకసారి చూశాక ఇక దాన్ని తెలుపని అనుకోవడం కష్టం. తిరిగొచ్చిన దర్రీ ఒకటి తెచ్చి గోడకు వేలాడదీసి, స్టాండు మీద కెమెరా పెట్టింది. ధోతిని చూపించి ఒక ఫోటో తీసింది. అట్టను చూపించి ఒక ఫోటో తీసింది. మొదటి దాంట్లో దర్రీ కుంకుమ రంగు. రెండో దాంట్లో అల్లనేరేడు, చారలతో సహా అచ్చంగా గోడ మీద ఉన్నట్టే.

కెమెరా అబద్ధం చెప్పలేదు. నీలాన్ని చూపించి తెలుపని చెబితే అది పాపం నమ్మింది. ఆ నీలాన్ని పోగొట్టాలని ప్రతి రంగులోంచీ నీలం కోసేసింది. అల్లనేరేడులోంచి నీలం తీసేస్తే మిగిలేది ఎరుపే.

ఆమె గడప మీద కూలబడింది. "అత్తా, నీ రంగు తప్పు గాదు. తప్పు నాది" అని అంతా చెప్పింది, రెండు ఫోటోలూ చూపించింది.

భాగ్యమ్మ చాలాసేపు ఆ తెరలోకి చూసింది.

"ఆ దినం నేనన్న గద."

"అన్నవ్."

"నువ్వు ఇనలే."

"ఇనలే అత్తా."

మగ్గం గుంటలోంచి సారయ్య, "ధోతి ఇచ్చింది నేనాయె బిడ్డా" అన్నాడు.

"నువ్వు మంచి మనసుతోని ఇచ్చినవ్ మామా. చూసుకోకుంట తీస్కున్నది నేను."

భాగ్యమ్మ లేచి లోపలికి పోయింది. ఇక తనతో మాట్లాడదేమోనని కళావతి సంచి సర్దుకుంటోంది. లోపల స్టవ్ వెలిగిన చప్పుడైంది. "చక్కెర తక్కువేనా నీకు?" అని అడిగింది భాగ్యమ్మ. తన పని పోగొట్టిన మనిషికి కూడా చాయ్‌లో చక్కెర ఎంతో అడిగి పోసే చేతులు కొన్ని ఉంటాయి. దేవుడు వాటిని ఎక్కడ చూసి చేస్తాడో మనకు తెలియదు.

మర్నాడు పొద్దున కళావతి సంఘానికి పోతే, కృష్ణమోహన్ అంతా విని తలుపు దగ్గరికి వేశాడు. చెడ్డవాడు కాదు. ఇరవై ఇళ్ల మగ్గాలు ఆడాలంటే ఒక మనిషిని పక్కన పెట్టినా ఫర్వాలేదనుకునే రకం.

"చెల్లె, మెల్లగ మాట్లాడు. ఒక్క ఫోటో తప్పంటే ఆరు తప్పైతయి. కంపెనోళ్లు మొత్తమే బంద్ పెడతరు. ముసలామె రెండు నెల్లు ఇంట్ల కూసుంటే అంతా సల్లవడతది. వచ్చే ఏడు క్యాటలాగ్ పని గూడ నీకే ఇప్పిద్దామనుకుంటాన. ఎందుకీ పరేషాన్?"

"ముప్పయేండ్లు కాగు ముందల నిలవడ్డ మనిషికి కండ్లు కనవడతలేవని పదిమంది ముందల అన్నవ్. గా పదిమందిని పిలువు. వాళ్ల ముందలనే నా తప్పు నేను జెప్పుకుంట."

"జెప్పుకుంటే నీ పని పోతది."

"పోనియ్యి."

"చెల్లె..."

"తలుపు తియ్యి అన్నా. లోపల వెలుగు సరిపోదు."

ఆమె స్టాండును సంఘం వాకిట్లో, ఎండ పడని చోట నిలబెట్టింది. వెదురు కర్రకు దర్రీ కట్టింది. ట్యూబులైటు ఆర్పించింది. సారయ్య ధోతి తెచ్చాడు, భాగ్యమ్మ వెనకాలే వచ్చింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. జనం చేరారు. సరిగ్గా అప్పుడే సుబేదారి నుంచి జీవన్ బండి దిగాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు, సొంత స్టూడియో ఉంది. తిరిగొచ్చిన దర్రీలను ఉన్న రంగులో మళ్లీ ఫోటోలు తీయించాలని కృష్ణమోహన్ అతన్ని ముందురోజే పిలిపించాడు.

"నమస్తే అక్కా. ఇంక గదే కెమెరానా? సైకిల్ ట్యూబు గూడ ఏసినవ్. పంక్చరైతే ఎట్ల మరి?"

జనం గొల్లుమన్నారు.

"పంక్చరైతే నీదాంట్ల గాలి శానా ఉన్నది గద తమ్మీ, జరంత తీస్కుంట."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. జీవన్ కూడా నవ్వాడు. "నాది లేటెస్ట్ అక్కా. రంగులు అదే పట్టుకుంటది, మనం జెప్పే పనే లేదు."

"మంచిదాయె. జెప్పకుంట తియ్యి ముందు."

జీవన్ దర్రీ నిండుగా పట్టేలా ఒక ఫోటో తీసి, అందరికీ కనిపించేలా లాప్‌టాప్‌లో పెట్టాడు. కుంకుమా కాదు, అల్లనేరేడూ కాదు. వెలిసిపోయిన వంకాయలా వచ్చింది. తెర నిండా ఒకే రంగు ఉంటే కెమెరా దాన్ని వెలుగులోని దోషమనుకుని తగ్గించేస్తుందని కళావతి చెప్పింది. "ఇప్పుడు ధోతి జూపిచ్చి తియ్యి" అన్నది. తీశాడు. కుంకుమ రంగు. ఆమె తన పాత డబ్బాతో తీసింది. అదే కుంకుమ. చివరికి అట్టను చూపించి ఇద్దరూ తీశారు. రెండు కెమెరాల్లోనూ భాగ్యమ్మ అల్లనేరేడు.

జీవన్ మెడ గోక్కున్నాడు.

"నీ కెమెరా నాదానికన్న మస్తు మంచిది తమ్మీ" అన్నది కళావతి. "చీకట్ల తీస్తది, ఉరికేటోళ్లను పట్టుకుంటది. నాకుంటే నేను గూడ ముద్దు జేస్కుంట. గాని తెలుపేదంటే అది మననే నమ్ముతది. మనం తప్పు జెప్తే ఎంత గొప్ప కెమెరా అయినా తప్పే తీస్తది." తర్వాత జనం వైపు తిరిగింది. "ఇనుండ్రి. దర్రీలు తిరిగొచ్చింది భాగ్యమ్మత్త రంగుకు గాదు. నేను నీలి ధోతిని తెలుపనుకున్న. రంగు మారిందని ఆమె ఆ దినమే జెప్పింది, నేను ఇనలే. ఎవలన్న అనాలంటే నన్ను అనుండ్రి. ఆమె కండ్ల గురించి ఇంకోపారి ఎవలన్న మాట్లాడితే గీ స్టాండు పట్టుకొని మీ ఇంటి ముందల నిలవడత."

జీవన్ లాప్‌టాప్‌ను కృష్ణమోహన్ వైపు తిప్పాడు. "అక్క జెప్పింది కరెక్టే అన్నా. మళ్ల నేను తీసే పని లేదు. ఆమెనే తియ్యనియ్యి" అని కెమెరా సంచిలో పెట్టుకున్నాడు. వచ్చిన పని పోగొట్టుకుని అంత నిబ్బరంగా చెప్పినందుకు కళావతి మనసులో అతనికి దండం పెట్టుకుంది.

"మరి కంపెనీకి ఏం జెప్పాలె?" అన్నాడు కృష్ణమోహన్.

"నా పేరు జెప్పాలె. నంబర్ కొట్టు, నేనే మాట్లాడుత."

దీప్తి మేడమ్ ఓపిగ్గా విన్నది. వీడియో కాల్‌లో దర్రీ చూపించండి అన్నది.

"వద్దు మేడమ్. వీడియోల గూడ రంగు మారుతది, మీ ఫోన్ల ఇంకింత మారుతది. కొత్త ఫోటోలు పంపుత. ఒక్కొక్క దర్రీ నూలు పోగు కవర్ల పెట్టి పంపుత. మీ ఆఫీసుల కిటికీ కాడ నిలవడి, లైటు ఆర్పి, రెండు పక్కన పెట్టి చూడుండ్రి."

ఆరు దర్రీలనూ ఆ రోజే మళ్లీ తీసింది. కృష్ణమోహన్ పక్కనే నిలబడి చూసి, ఉండలేక అన్నాడు, "చెల్లె, జర రంగు పెంచరాదు. తెరల మెరవాలె గద."

"పెంచ. మెరుపు గావాలంటే అత్తకు జెప్పు, కాగుల పెంచుతది. ఆమె పెంచితే నేను తీస్త."

మూడు రోజులకు కవరు అందింది. నూలు పోగులూ ఫోటోలూ ఒక్కలాగే ఉన్నాయని, అద్దకం మీద ఇక ఏ అభ్యంతరమూ లేదని, దర్రీలను సరైన ఫోటోలతో మళ్లీ అమ్మకానికి పెడుతున్నామని దీప్తి మేడమ్ ఫోన్ చేసి చెప్పింది. కొంచెం ఆగి, వచ్చే ఏడు క్యాటలాగ్ మాత్రం హైదరాబాద్ స్టూడియోతో తీయిస్తున్నామని, ఏమీ అనుకోవద్దని అన్నది.

"ఏమనుకోను మేడమ్. గా స్టూడియోళ్లకు ఒక్క మాట జెప్పుండ్రి. ఎవలింట్ల ధోతినీ నమ్మొద్దని."

అవతల మేడమ్ నవ్వడం వినిపించింది. ఫోన్ పెట్టేశాక కళావతి కాసేపు జిరాక్సు దుకాణంలో స్టూల్ మీద కూర్చుంది. రాంప్రసాద్ ఆమె సంచి తీసుకుని, లెన్సు తుడిచే మెత్తటి గుడ్డ వెతికి తెచ్చి, ఆమె చేతిలో పెట్టాడు. ఆ ఏడు ఆమె చిన్నా చితకా పెళ్లిళ్లే తీసింది. ఎవరైనా, "ఊకుంటే అయిపోవు గదనే కళక్కా, పని నిలిచేది" అంటే, "కాగు బోర్లేసి ఉంటే నాకు అన్నం సయిస్తుండెనా?" అని అడిగేది.

కృష్ణమోహన్ క్షమాపణ అన్న మాట వాడలేదు. కానీ పరకాలకు పోవలసిన నూలు మూటను తానే నెత్తిన పెట్టుకుని వచ్చి సారయ్య అరుగు మీద దించాడు. "వదినె, చాయ్ పోస్తవా?" అన్నాడు. భాగ్యమ్మ పోసింది. ఆయన చాయ్‌లో మాత్రం చక్కెర వేయలేదు, ఆయనకు షుగర్ ఉందని ఆమెకు గుర్తుంది.

కాగు మళ్లీ పొయ్యెక్కిన నెలలోనే ఒకరోజు ఆమె కళావతిని పిలిపించింది. "నీ అట్ట మీద నీళ్లు పడితే ఖరాబైతదంటివి గద. ఇది ఉతుక్కోవచ్చు" అని జానెడు పట్టీ ఒకటి చేతిలో పెట్టింది. ఆమె అద్దిన బూడిద రంగు నూలుతో సారయ్య నేసిన పట్టీ. అట్టను ఒక్కసారి చూసి, కంటి గుర్తుతో అద్దిన రంగు అది.

కళావతి దాన్ని కళ్లకద్దుకుంది. తర్వాత వాకిట్లో నీడకు తీసుకుపోయి, సంచిలోని అట్ట పక్కన పెట్టి చూసింది. సారయ్య మగ్గం ఆపి చూస్తున్నాడు.

"జర నీలం కొడతాంది అత్తా."

"అగో" అన్నాడు సారయ్య. "ముసలిది రెండు దినాలు తండ్లాడి జేసింది. పెట్టుకోరాదే బిడ్డా, గంతల ఏం బోయింది?"

"ఇంట్ల దాసుకుంట మామా. కెమెరాకు మాత్రం జూపియ్య."

సారయ్య నొచ్చుకున్నాడు. భాగ్యమ్మ మాత్రం పక్కున నవ్వింది. "జూపియ్యది. జూపిస్తే నేనే ఊకోను. ఇటియ్యి" అని పట్టీని లాక్కుంది.

రెండోది కొంచెం ఎరుపుకు మొగ్గింది. అదీ వెనక్కి పోయింది. మూడోది తయారయ్యేసరికి వారం పట్టింది. కళావతి అట్టనూ పట్టీనీ నీడలో పక్కపక్కన పెట్టి, స్టాండు సరిచేసి, ఫోటో తీసింది. తెరలోకి తాను చూసే ముందు కెమెరాను భాగ్యమ్మ వైపు తిప్పింది.

"నువ్వు జెప్పు అత్తా."

భాగ్యమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. తెరను చూసింది, పట్టీని చూసింది, మళ్లీ తెరను చూసింది. తొందరపడలేదు. కళావతి కూడా తొందరపెట్టలేదు.

"ఇప్పుడైంది" అన్నది భాగ్యమ్మ.

అప్పుడు కళావతి కెమెరాను ఆ పట్టీకి గురిపెట్టి బటన్ నొక్కింది.